గాయత్రి, సవిత, సంధ్య, రెండు ట్రక్కుల ఇసుక

2013 వేసవి మొదట్లో ఆఫీసు పని మీద లాస్ వేగాస్ వెళ్ళాను. (వేగాస్ అనగానే నవ్వకండి, నిజంగానే ఆఫీసు పనే.) శనివారం ఖాళీ దొరికింది. మా టీములో ఒక తమిళ కుర్రాడికి ఎడారులంటే పిచ్చి. "తొంభై మైళ్ళ దూరంలో ఒక గొయ్యి ఉంది, అందులో చేపలున్నాయి, చూసొద్దాం" అన్నాడు. గోతిలో చేపలు చూడ్డానికి తొంభై మైళ్ళా అని గొణుక్కుంటూనే కారెక్కాను.

పరంప్ అనే ఊరు దాటాక అంతా బూడిదరంగు కొండలు, ఎండిన పొదలు. ఆ మధ్యలో డెవిల్స్ హోల్. చుట్టూ జైలుకి కట్టినట్టు ఇనప కంచె. పైనుంచి తొంగి చూస్తే కొండ పగుల్లో కాసిని నీళ్ళు కనపడ్డాయి, అంతే. చేప ఒక్కటి కూడా కనపడలేదు. ఆ పగులు కింద నీళ్ళతో నిండిన గుహ ఉందట. ఈతగాళ్ళు నాలుగొందల అడుగుల పైన దిగినా అడుగు తగల్లేదు. ఏడాది పొడుగునా నీళ్ళు 33, 34 డిగ్రీల వేడి. అందులో ఉండేది అంగుళం కూడా లేని నీలం చేప, పప్‌ఫిష్. సహజంగా అది ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆ గుహంతా ఉన్నా దాని తిండీ, గుడ్లు పెట్టడమూ అన్నీ నీళ్ళ అంచున ఉన్న చిన్న రాతి అరుగు మీదే. నేను వెళ్ళిన ఏడు వసంతంలో లెక్కపెడితే మొత్తం 35 తేలాయి. మా ప్రాజెక్టులో టెస్టర్లే అంతకంటే ఎక్కువ మంది.

వచ్చేదారిలో మావాడు కోర్టు కేసు కథ చెప్పాడు. 1968 నుంచి అక్కడికి రెండున్నర మైళ్ళ దూరంలో ఒక రైతు కుటుంబం బోర్లు వేసి నీళ్ళు తోడ్డం మొదలెట్టింది. గుహలో మట్టం దిగి ఆ అరుగు బయటపడటం మొదలైంది. ప్రభుత్వం కోర్టుకెక్కింది. ఊళ్ళో కార్ల మీద 'పప్‌ఫిష్‌ని కాపాడండి' అని కొందరు, 'పప్‌ఫిష్‌ని చంపండి' అని కొందరు స్టిక్కర్లు. చివరికి 1976లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చేప పక్షాన నిలబడింది. 1952లో ప్రెసిడెంట్ ట్రూమన్ ఆ గోతిని జాతీయ స్మారకంలో కలిపినప్పుడే, దానికి కావలసిన నీళ్ళు కూడా దానితోపాటే కేటాయించినట్టు లెక్క అన్నారు జడ్జీలు. అలాగని పంపులు పీకెయ్యమనలేదు, అరుగు మీద నీళ్ళు నిలిచే మట్టం మాత్రం తగ్గకూడదన్నారు.

రైతు బిడ్డగా నాకు ఒళ్ళు మండింది. "చేప కోసం రైతు మోటారు ఆపుతారా? మా కృష్ణా జిల్లాలో అయితే ఆ జడ్జి ఇంటికి కరెంటు కట్ చేసేవాళ్ళు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ విషయం అక్కడితో మర్చిపోయాను.

2016లో ఇండియా వచ్చేసి పోరంకిలో ఇల్లు కట్టాను. ఆ ఏడాదే ఇసుక ఉచితం అన్నారు. ఉచితం ఇసుకకే గానీ ట్రాక్టరుకీ డ్రైవరుకీ కాదని కట్టినవాళ్ళకి తెలుసు. ఎన్ని ట్రక్కులు తోలించానో లెక్క రాసుకోలేదు. కొన్ని పగలొచ్చాయి, కొన్ని రాత్రి రెండు గంటలకొచ్చాయి. రాత్రి రెండింటికి ఎందుకొస్తున్నాయని మేస్త్రీని నేనడగలేదు. నేనే కాదు, మా వీధిలో ఎవరూ అడగలేదు.

ఇల్లయ్యాక పొద్దున వాకింగులో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. జువాలజీ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఒకరోజు గొప్పలు పోతూ ఆయనకి నా నెవాడా చేపల కథ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అంత దూరం ఎందుకండీ వెళ్ళడం, బ్యారేజీ దగ్గరే ఉన్నాయిగా?" అన్నారు.

చేపలు కాదు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో జువాలజీ ప్రొఫెసరు వై. రంగారెడ్డి గారు విజయవాడ దగ్గర కృష్ణ ఇసుకలోంచి మూడు కొత్త జీవుల్ని పట్టుకుని 2001లో లోకానికి చెప్పారట. రొయ్యకి దూరపు చుట్టాలు, అర మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. కళ్ళుండవు, రంగుండదు. నదిలో ఈదవు, ఇసుక రేణువుల సందుల్లో ఉండే నీళ్ళలో పాకుతూ బతుకుతాయి. ఆ కుటుంబం జీవులు మన దేశంలో ఉన్నాయని తెలియడం అదే మొదలు. పారాస్టెనోకారిస్ అనేది ప్రజాతి పేరు. అసలు పేర్లు మాత్రం గాయత్రి, సవిత, సంధ్య. మా కజిన్లు గుర్తొచ్చారు :)

వాటిని పట్టే పద్ధతి వినగానే ఆగిపోయాను. నది ఒడ్డున ఇసుకలో గొయ్యి తీస్తారు. అందులోకి నీళ్ళూరతాయి. ఆ నీళ్ళు తోడి సన్న వలలో వడకడతారు. ఈ పద్ధతికి ఇద్దరు యూరపు శాస్త్రవేత్తల పేరుంది. అది మా చెలమే కదా! మా అమ్మమ్మగారి ఊరు తోట్లవల్లూరు దగ్గర. ఎండాకాలం సెలవుల్లో బ్యారేజీ కింద ఏరంతా ఇసుకే. అమ్మమ్మ చేత్తో చెలమ తోడి, మొదట ఊరిన మురికి నీళ్ళు పారబోసి, తేటగా ఊరాక బిందె మూతికి పాత నేతచీర ముక్క కట్టి ముంచేది. "గుడ్డెందుకే, నీళ్ళు తేటగానే ఉన్నాయిగా?" అంటే, "కనపడనివి ఉంటాయిరా" అనేది. రంగారెడ్డి గారి కంటే ముందే మా అమ్మమ్మ వడకట్టిందని గొప్ప చెప్పుకోవచ్చు గానీ, ఆవిడ ఆ గుడ్డని దులిపేసేది, ఆయన మైక్రోస్కోపు కింద పెట్టారు.

ఆ పెద్దాయన ఇంకో సంగతి చెప్పారు. పల్నాడులో పిడుగురాళ్ళ దగ్గర గుత్తికొండ బిలం ఉంది కదా, ముచికుందుడు నిద్రపోయాడనీ, బ్రహ్మనాయుడు చివరికి అందులోకే వెళ్ళిపోయాడనీ చెప్పుకునేది. ఆ బిలంలో నీళ్ళున్నాయి. కార్తీకంలో స్నానాలు చేస్తారు. ఆ నీళ్ళలో కళ్ళులేని పురుగులాంటి జీవి ఒకటి దొరికింది. 2011లో దానికి ఆంధ్ర పేరు కలిపి ఆంధ్రకాయిడెస్ అని పేరు పెట్టారు. దాని దగ్గర బంధువులు ఎక్కడున్నాయో తెలుసా? ఆస్ట్రేలియాలో. తెలుగువాళ్ళ చుట్టాలు ఆస్ట్రేలియాలో ఉండటం వింత కాదనుకోండి, కానీ ఇవి వీసా మీద వెళ్ళినవి కావు. రెండు నేలలూ కలిసి ఉన్నప్పటివి, పది కోట్ల ఏళ్ళకి పైమాటే. నేల చీలి ఎటుదటు వెళ్ళిపోయింది, ఇవి మాత్రం ఎక్కడివక్కడే నీళ్ళలో ఉండిపోయాయి.

మన ఫీల్డులో ఈ అనుభవం అందరికీ ఉంటుంది. ఎవరూ వాడట్లేదని ఒక పాత సర్వీసు ఆపేస్తాం, మూడు నెలల తర్వాత ఎక్కడో బిల్లింగు ఆగిపోతుంది. గాయత్రి వాళ్ళు ఇసుకలో ఏం చేస్తున్నారో నాకు తెలీదు, బాక్టీరియానీ కుళ్ళునీ తిని ఇసుక సందులు పూడకుండా చూస్తారని పెద్దాయన అన్నారు. నా వరకూ ఆ లాభం లేకపోయినా పర్లేదు. నన్ను తినేసింది వేరే సంగతి. నెవాడాలో చేపల్ని ఏడాదికి రెండుసార్లు మనుషులు దిగి లెక్కపెడతారు. 2024 శరదృతువులో రెండొందలు దాటాయని సంబరపడ్డారు, తర్వాత భూకంపాలకి అరుగు మీద మేత కొట్టుకుపోయి 2025 వసంతానికి 38కి పడిపోయాయి. పెంచుతున్న తొట్టిలోంచి కొన్నిటిని తెచ్చి కలిపారు. అంటే పోతున్నాయని కనీసం తెలిసింది. మన దగ్గర పోయినా తెలీదు. వాటి ఇల్లే లారీకెక్కుతోంది. 2019 ఏప్రిల్లో అక్రమ ఇసుక తవ్వకాల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ మన రాష్ట్రాన్ని 100 కోట్లు కట్టమంది. ఆ ఏడాదే ఇసుక విధానం మారింది, 2024లో మళ్ళీ ఉచితం అయింది. ఈ గొడవలో పార్టీల పేర్లు చాలా విన్నాను, ఈ మూడు పేర్లు ఎక్కడా వినలేదు.

కారులో వాగిన ఆ మాట అప్పట్నుంచీ గుచ్చుకుంటూనే ఉంది. ఆ రైతు నీళ్ళు తోడింది పంట కోసం. నేను ఏరు తోడింది మూడు బెడ్రూములకి, ఒక పూజగదికి.

మొన్న వేసవిలో మా నాన్న పైన ఇంకో రెండు గదులు వెయ్యాలన్నాడు. చెల్లెలు వాళ్ళు వచ్చిపోతుంటారు, న్యాయమైన మాటే. నేను రాతిపొడి ఇసుక వాడదామన్నాను, అదే క్రషర్ ఇసుక. స్లాబుకి సరేనన్నాడు మేస్త్రీ. "ప్లాస్టరింగుకి మాత్రం ఏటి ఇసకే సార్, లేకపోతే గోడ గరుగ్గా వస్తది, మళ్ళీ నన్నంటారు" అన్నాడు. నాన్న నావంక చూశాడు. ఒప్పుకున్నాను. రెండు ట్రక్కులు. పగలే రావాలి, బిల్లుతో రావాలి అని మాత్రం పట్టుబట్టాను.

పగలే వచ్చాయి, బిల్లు కూడా ఇచ్చాడు. ఇసుక అప్పుడే తోడినట్టుంది, ట్రక్కు వెనక తలుపు సందుల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. వీధి మొదట్నుంచీ మా గేటు దాకా తడి చార. ఎండకి అంచుల దగ్గర అప్పటికే ఆరిపోతోంది.

"చూశావుటరా, తడి ఇసక తెచ్చి తూకం పెంచాడు" అన్నాడు నాన్న. "నీళ్ళక్కూడా మన దగ్గరే డబ్బులు తీసుకుంటున్నాడు."

నేను గేటు తెరిచాను.