గడియారం తప్పు.. నింద మనిషికి!

తత్కాల్ టికెట్ కోసం ఉదయం సరిగ్గా 10 గంటలకి నొక్కడానికి వేలు రెడీగా పెట్టుకుంటాం. ఫోన్‌లో టైమ్ కరెక్టేనని అంత నమ్మకం. కానీ ఆ టైమ్ ఫోన్ సొంతం కాదు, ఎవరినో అడిగి తెచ్చుకున్నదే.

కంప్యూటర్లు టైమ్ అడిగే పద్ధతి పేరు ఎన్‌టీపీ. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మిల్స్ 1985లో దీన్ని ప్రపంచం ముందు పెట్టారు. మన ప్రశ్న బయల్దేరిన టైమ్, సర్వర్‌కి అందిన టైమ్, జవాబు బయల్దేరిన టైమ్, మనకి చేరిన టైమ్.. ఈ నాలుగింటితో లెక్క తేలుతుంది. చిక్కేంటంటే, వెళ్లడానికీ రావడానికీ ఒకే సమయం పట్టిందనుకుంటారు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆఫీసుకి 40 నిమిషాల్లో వెళ్లి, ఇంటికి గంటన్నరకి చేరేవాళ్లకి ఇదెంత నిజమో తెలుసు! అయినా దీనికో హద్దుంది. దారిలో జరిగే పొరపాటు, రానుపోను పట్టిన సమయంలో సగానికి మించదు.

ఆ హద్దే పోయినేడాది మా టీమ్‌లో ఒకమ్మాయిని కాపాడింది. లాగ్‌లో చూస్తే కస్టమర్ ఆర్డర్ పెట్టకముందే క్యాన్సిల్ చేసినట్టుంది. కొత్తగా చేరిన ఆ అమ్మాయి కోడే కారణమని మీటింగ్‌లో అందరిముందూ అనేశారు. తను తలొంచుకుని కూర్చుంది. "ముందు గడియారాలు చూద్దాం సార్" అన్నాను.

ఆర్డర్ ఒక మెషీన్‌లో, క్యాన్సిల్ ఇంకో మెషీన్‌లో నమోదవుతాయి. రెండోది 3 సెకన్లు వెనకబడి ఉంది. అది ఒకే ఒక్క టైమ్ సర్వర్‌ని నమ్ముకుంది. ఇంకో ఐదు సర్వర్లని అడిగితే కొన్ని మిల్లీసెకన్ల తేడాతో అన్నీ ఒకే మాట చెప్పాయి. ఇదొక్కటే వేరు. రానుపోను పట్టింది 40 మిల్లీసెకన్లు. అంటే దారి వల్ల వచ్చే తేడా 20కి మించదు. 3 సెకన్లంటే సర్వరే తప్పు చెబుతోందన్నమాట. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

పెద్ద పేరున్న సర్వర్ అయితే చాలనుకోకండి. 2012 నవంబర్ 19న అమెరికా నేవీ అబ్జర్వేటరీ సర్వర్లు రెండు కాసేపు 2000 సంవత్సరం అని చెప్పాయి! వాటినే నమ్ముకున్న మెషీన్లు కొన్ని పన్నెండేళ్లు వెనక్కి పోయాయి.

ఇద్దరు రెండు టైమ్‌లు చెబితే ఎవరిది నిజమో తేలదు. అందుకే కనీసం నాలుగు సర్వర్లు పెట్టుకోండి. లాగ్ చూపించి ఎవరినైనా ఓ మాట అనేముందు, టైమ్ చెక్ చేసే కమాండ్ ఒకసారి కొట్టండి. పది సెకన్ల పని. ఆ అమ్మాయికి సారీ మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.