ఒకరికి చెప్పిన మాట

మా ఇంటి గోడలు రెండడుగుల మందం. కోరుకొండలో ఈ మండువా లోగిలి కట్టించిన తాతమామగారు దొంగలకి భయపడ్డారో, ఎండకి భయపడ్డారో తెలియదు. ఏదో ఒకనాడు ఈ గోడల్లోంచి వైఫై దూరదని మాత్రం కలలోనైనా అనుకుని ఉండరు పాపం!

ఇప్పుడా లోగిలి రెండు వాటాలు. వీధివైపు బావగారిది, పెరటివైపు మాది. కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన ఇంటర్నెట్ తీగ వీధివైపు హాల్లోనే ఆగిపోయింది. మా పాప పాఠాలు వినాలంటే మండువాలో, ఎండలో కూచోవాలి. నేను నవల పత్రికకి పంపాలంటే లాప్‌టాప్ చంకన పెట్టుకుని మేడెక్కాలి.

2020లో కరోనా రోజుల్లో హైదరాబాదు నుంచి వచ్చి, ఇంట్లోంచే ఉద్యోగం చేస్తున్న బావగారబ్బాయి ఓ రోజు, "పిన్నీ! గోడకి చిల్లు పెట్టి వైరు లాగేద్దాం. అందరికీ ఒక్క లైను చాలు" అన్నాడు.

నా గుండె గుభేలుమంది. ఆ గోడకి అటువైపు మా తోడికోడలుంది. ఆవిడ నాతో మాట్లాడి ఆరేళ్ళయింది. అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కలిసే కాఫీ తాగుతారు. మేమిద్దరం మాత్రం ఫాల్గుణంలో నరసింహస్వామి తీర్థానికి కూడా విడివిడిగానే కొండెక్కాం.

రాజమండ్రి నుంచి ఓ కుర్రాడొచ్చాడు. డబ్బు కలిసొస్తుందని మా వారు అటక మీంచి ఓ పాత డబ్బా దింపారు. ఎనిమిది కన్నాలున్నాయి దానికి. ఎప్పుడో ఇంటర్నెట్ సెంటరు మూసేసిన స్నేహితుడెవరో ఇచ్చాట్ట. కుర్రాడు దాన్ని తిరగేసి చూసి, "ఇది హబ్బండి. పని చేత్తాది గానీ, వద్దండి" అన్నాడు.

"ఏం నాయనా?"

"దీనికి నోరాగదండి. ఒక కన్నంలోంచి వచ్చిన మాట మిగతా ఏడింటికీ చెప్పేత్తాది. ఎవరిదో వాళ్ళు తీసుకోవాలి, మిగతావాళ్ళు మనది కాదని వదిలెయ్యాలి. ఇద్దరొకేసారి మాటాడారంటే రెండూ గుద్దుకుని చెడిపోతాయండి. కాసేపాగి మళ్ళీ చెప్పుకోవాలి. అదే స్విచ్చయితే, ప్రతి మిషనుకీ ఓ నంబరుంటాది కదండీ, ఏ నంబరు ఏ కన్నంలో ఉందో గుర్తెట్టుకుంటాది. ఎవరి మాట వాళ్ళకే అందిత్తాది."

నేను బి.ఏ. చదివినదాన్ని. ఈ యంత్రాల సంగతి బొత్తిగా తెలియదు. అయినా ఆ కుర్రాడు చెప్పిందంతా ఎంత బాగా అర్థమైందో! అటక మీంచి దింపింది నన్నేనేమో అనిపించింది.

ఆరేళ్ళ క్రితం ఆవకాయ రోజుల్లో, మామిడి ముక్కలు తుడుస్తూ అక్కయ్య నాకో మాట చెప్పింది. పుట్టింటివాళ్ళ కష్టంలో తన చంద్రహారం తాకట్టు పెట్టిందిట. బావగారికి తెలియదు. "నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు సుమా!" అంది.

కొండ మీద స్వామి సాక్షిగా నేనెవరికీ చెప్పలేదు. కథ రాశాను.

పేర్లు మార్చాను. ఊరు మార్చాను. చంద్రహారాన్ని కాసులపేరు చేశాను. కథ అచ్చయింది. ఊళ్ళో గుర్తుపట్టనివాళ్ళు లేరు. బావగారూ చదివారు. చాలా సహజంగా ఉందని మెచ్చుకుంటూ నాకు ఉత్తరాలు కూడా వచ్చాయి. అక్కయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అంటే ఎంత బాగుండేది!

మా వారు మర్నాడు స్విచ్చి కొనుక్కొచ్చారు. కుర్రాడు వైరు చివర ఒలిచాడు. లోపల ఎనిమిది సన్నటి తీగలు, రెండేసి చొప్పున తోడికోడళ్ళలా పెనవేసుకుని ఉన్నాయి. అలా మెలేస్తే బయటి గోల అంటదుట. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ 1881లోనే ఈ కిటుకుకి పేటెంటు తీసుకున్నాడని పాప ఫోనులో చూసి చెప్పింది. నారింజ చారల తీగ, నారింజ తీగ, ఆకుపచ్చ చారలది, నీలం... ఇలా వరస తప్పకుండా పేర్చి, క్లిప్పులో దూర్చి నొక్కాడు. వంద మీటర్ల దాకా ఢోకా లేదుట. మాకు పాతిక కూడా పట్టలేదు.

గోడకి చిల్లు పడింది. సున్నం రెండువైపులా రాలింది. కుర్రాడు వైరు దూర్చి, "అటుపక్క ఎవరైనా అందుకోండమ్మా!" అని కేకేశాడు. అబ్బాయి ఏదో మీటింగులో ఉన్నాడు. కాసేపు చప్పుడు లేదు. తరవాత గాజులు గలగల్లాడాయి. వైరు మెల్లగా అటు కదిలింది.

స్విచ్చికి తగిలించాం. అంతలో చిల్లులోంచి గొంతు వినపడింది.

"వెలిగిందా?"

"వెలిగిందక్కయ్యా! పచ్చగా వెలిగింది."

సాయంత్రం కాఫీ కలుపుకుని వీధివైపు వెళ్ళాను. తప్పు నాదే అన్నాను. "అంత చదువుకున్నావు. అది తెలియడానికి ఆరేళ్ళు పట్టిందిటే?" అంది. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం.

ఈ నాలుగు ముక్కలూ రాసి ముందు ఆవిడకే చదివి వినిపించాను. "పంపించు. కాసులపేరేమిటి నీ మొహం, ఈసారైనా చంద్రహారమనే రాయి" అంది. అలాగే రాశాను.

పాత హబ్బు మళ్ళీ అటకెక్కింది. ఆ సాయంత్రం కాఫీ తాగుతూ అక్కయ్య ఇంకో సంగతి కూడా చెప్పింది.

అది మాత్రం మీకు చెప్పను.