నామక్కల్ షెడ్డులో ఒక పూట

ఆఫీసు పనిమీద మొన్న నామక్కల్ వెళ్ళినాము. పని ముగిశాక కొండకోటను, ఆంజనేయస్వామిని దర్శించి, సేలం రోడ్డున ఒక లారీషెడ్డు ముందు నీడకు నిలిచినాము. లారీల బాడీలు కట్టుటకు ఈ ఊరు దేశమంతటా పేరుపొందినది.

షెడ్డులో ఒక పాత టాటా లారీ యున్నది. 1954లో టాటావారు జర్మనీ బెంజివారితో కలిసి జంషెడ్‌పూరులో లారీలు చేయనారంభించినారు. ఆ పొత్తు 1969లో తీరినా, జనం నోట బెంజి పేరు చాలాకాలం నిలిచినది.

మా మాటలు విని, "మనవాళ్ళేనా నాయనా?" అంటూ ఒక వృద్ధ డ్రైవరు వచ్చినారు. క్లీనరుగా చేరి, నలభై యేళ్ళు బండి తోలినారట.

"అప్పుడు గేరు మార్చాలంటే క్లచ్చి రెండుమార్లు తొక్కవలె. ఘాటు ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగవలె. బ్రేకునే నమ్ముకుంటే డ్రమ్ములు కాలిపోవును."

"సామాను దొరుకుతుందా?"

"చచ్చిన బండిలోది బ్రతికిన బండికి. లేనిది లేతుమిషను మీద చేయించుకొంటాము. ఇక దీనికీ ఆ బాధ లేదు. వచ్చేవారం తుక్కుకు పోతుంది."

మెకానికు కుర్రవాడు ఇంజను స్టార్టు చేసినాడు. పెద్దాయన తల వంచి విని, "నాలుగో సిలిండరు పలకడంలేదు" అన్నారు. కుర్రవాడు డీజిలు గొట్టాలు ఒక్కొక్కటే వదులుచేసి చూసినాడు. నాలుగోదే!

"తుక్కువాడు ఇనుమునకు వెల కడతాడు. ఈ చెవిని ఎవరికి అప్పగించను నాయనా?"

మాకు జవాబు తోచలేదు. ముగ్గురమూ టీ త్రాగినాము. మేము బస్సుకు బయలుదేరేసరికి, కుర్రవాడు మళ్ళీ ఇంజను స్టార్టు చేసి, తానూ తల వంచినాడు.