కాండీలో ఒక దినము

మా మరదిగారి కొమార్తె వివాహమునకై 2024వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో మేము అత్తగారిని వెంటబెట్టుకొని కొలంబోకు పోయితిమి. పెండ్లి ముగిసినది. తిరుగు విమానమునకు ఇంకను రెండు దినములున్నవి. ఇంటికడ పిల్లలు బెంగపెట్టుకొందురు, టిక్కెట్టు ముందునకు మార్పించుకొనుడని కొందరు చెప్పిరి. ఆ రెండు నాళ్లును చీరల యంగళ్లు చూడుడని మరికొందరు. అత్తగారికి డెబ్బదియారేండ్లు. తీర్థములకు తప్ప తనకై తాను ఎచటికిని పోయి యెరుగరు. "ఇంత దూరం వచ్చాం గదా అమ్మాయ్, కొండల్లో ఏదో ఊరుందిటగా?" అని యొక్క మాట యనిరి. దానితో చర్చ ముగిసినది.

మరునాటి యుదయమున కొలంబో కోట స్టేషనులో రైలెక్కితిమి. ఈ యినుపదారి 1867లోనే కాండీ చేరినది. కుడివైపు కూర్చుండుడని పెండ్లివారు చెప్పి మేలు చేసిరి. రంబుక్కన దాటి బండి కొండ నెక్కునపుడు ఆ వైపుననే లోయ విప్పారును. సొరంగము వచ్చినప్పుడెల్ల అత్తగారు మా చేయి పట్టుకొనుచు, వెలుతురు రాగానే ఏమియు నెరుగనట్లు వదలుచుండిరి.

కాండీలో మొదట దంతమందిరమునకు పోయితిమి. బుద్ధుని దంతధాతువు కంటబడదు. పూజావేళ తలుపు తీసినపుడు పేటిక మాత్రము కనబడును. తెల్లని వస్త్రములు దాల్చిన స్త్రీలతోపాటు అత్తగారును నీలికలువలు సమర్పించిరి.

మందిరము ముంగిటనే చెరువు. శ్రీవిక్రమ రాజసింహుడు 1807లో వరిమడులున్న చోట దీనిని కట్టించెను. ప్రజలచే వెట్టి చేయించుటచే వారికి కంటగింపయ్యెను. ఆతడు సింహళుడు కాడు. 1739లో వీరనరేంద్రసింహుడు పట్టమహిషియందు సంతానము లేక గతింపగా, మధుర నుండి వచ్చిన యా రాణి తోబుట్టువు రాజయ్యెను. అది మొదలు తెలుగు మూలముగల నాయకర్లు నలుగురు ఇచట ఏలిరి. వారిలో కడపటివాడీ రాజు. 1815లో ఆంగ్లేయులు ఆతనిని పట్టుకొని, మరుసటి యేడు వేలూరికి పంపివేసిరి. ఆతడు 1832లో అచటనే మరణించెను.

"వేలూరికా!" అని అత్తగారు నిలిచిపోయిరి. మామగారి చికిత్సకై ఆమె ఆ యూర రెండు నెలలు అద్దెగదిలో వండుకొనుచు గడిపిరి. మామగారు తిరిగి రాలేదు. చెరువు గట్టున రాణుల స్నానశాల నేటికిని ఉన్నది. దానివంక చూచుచు అత్తగారు చాలసేపు కూర్చుండిరి.

"భార్యలు కూడా వెళ్లారా ఆయనతో?"

వెళ్లిరని చెప్పితిమి.

"పోనీలే. ఒంటరిగా లేడు."

మరునాడు పేరాదెనియలో 147 ఎకరముల తోట చూచితిమి. కాళ్లు నొచ్చినవేగాని చూచినది సగమే. ఆ సాయంకాలమే కొలంబో చేరి రాత్రి విమానమెక్కితిమి. వేలూరిలో పాలాటి యొడ్డున ఆ రాజు సమాధి యున్నదని విమానములో మాటవరుసకు అంటిమి. చెన్నపట్నములో దిగగానే అత్తగారు వేలూరికి బస్సు లెప్పుడని యడిగిరి. మరియొక దినము ఆలస్యమగునని పిల్లలకు ఫోను చేసితిమి.