తడి గాలిలో దండెం

మా సొంతూరు గుడియాత్తం. నాయన కైలీలు నేసేవాడు. రంగులేసిన నూలు వీధిలో వెదురు బొంగులకి వేస్తే పొద్దు వాలేలోపల ఎండిపోయేది. ఇంటి గుడ్డలూ అంతే. ఆరేసుకునే చోటు గురించి మేమెప్పుడూ దిగులుపడలేదు.

2021 నవంబరు వానలకి మోర్ధానా డ్యాం నిండి కౌండిన్య నది పొంగింది. ఒడ్డునున్న మా ఇంట్లోకి మోకాలిదాకా నీళ్ళొచ్చాయి. కొడుకు మమ్మల్ని వేలూరులో తన అద్దె ఇంటికి తీసుకొచ్చేశాడు. రెండో అంతస్తు, రెండు గదులు. మిద్దె మీద ఆరేయడానికి లేదు. వానాకాలంలో గుడ్డలు మూడు రోజులైనా ఆరక ముక్కిన వాసన. చంటి మనవరాలి గుడ్డల్ని మా ఆవిడ రాత్రిళ్ళు ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టేది.

పైకప్పుకి తాడుతో లాగే దండెం బిగిస్తానన్నాడు కొడుకు. అద్దె ఇంటికి కన్నాలు కొట్టనివ్వరు. పైగా మా ఆవిడకి భుజం లేవదు. "చేతికందనిది కట్టిస్తే ఈ ఇంట్లో నాకేం పని మిగులుతుంది?" అనింది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఇద్దరం లాంగ్ బజారుకి పోయాము. మూడంతస్తుల స్టాండు చవకే, గుడ్డలు చాలా పడతాయి. కానీ కమ్మీలు మరీ దగ్గర. నేను 28 ఏళ్ళు నూలు మిల్లులో చేసినవాణ్ణి. దారం తెగకుండా అక్కడ గాలికి తడి పట్టించేవాళ్ళు. తడిసిన గాలి గుడ్డలోని తడిని సరిగా పీల్చుకోదు. ఆ గాలి కదిలిపోయి వేరే గాలి రావాలి. అందుకే నడుమెత్తు రెక్కల స్టాండు, కమ్మీల మధ్య ఎడమున్నది తీసుకున్నాము.

మిల్లు లెక్క ఇంకొకటి పనికొచ్చింది. పొడి పత్తి నూలు 100 కిలోలకి 8.5 కిలోల తేమ సహజంగా ఉంటుందని తూకంలో లెక్క. పాలిస్టరుకి అర కిలో కూడా రాదు. కాబట్టి పాలిస్టరు చీర మూలనున్నా ఆరుతుంది. కైలీ, తువ్వాలు మాత్రం ఫ్యాను కింద, కమ్మీ విడిచి కమ్మీ వేయాలి. గట్టిగా పిండాలి. జల్లు కొట్టని వైపు కిటికీ కొంచెం తెరవాలి. లేకుంటే ఫ్యాను ఆ తడి గాలినే తిప్పుతుంది.

ఇప్పుడు సాయంత్రం వేసినవి మర్నాడు మధ్యాహ్నానికి ఆరుతున్నాయి. మా ఆవిడే వేస్తుంది, తనే మడత పెడుతుంది. ఇంకొకరిని ముట్టనివ్వదు. మీరూ స్టాండు కొనబోతే, ఇంట్లో గుడ్డలు ఆరేసేవాళ్ళని అంగడికి తీసుకుపోండి. వాళ్ళ చెయ్యి ఎంతవరకు అందుతుందో చూసి కొనండి.