తీయడం మరిచిన బిళ్ల

పండగ కొనుగోళ్లు మొదలయ్యాయి కదండీ. బట్టల షాపుకు వెళ్లినప్పుడు ఈసారి ఒకటి గమనించండి. చీర మడతలో, చుడీదార్ మెడ దగ్గర, ప్యాంటు నడుము పట్టీకి ఒక ప్లాస్టిక్ బిళ్ల గుచ్చి ఉంటుంది. సూపర్ మార్కెట్లలో అయితే నెయ్యి డబ్బాకో, షాంపూ సీసాకో, పాలపొడి డబ్బాకో చిన్న స్టిక్కరు అంటించి ఉంటుంది. షాపువాళ్లు దాన్ని ట్యాగ్ అంటారు. మా అత్తమ్మ బిళ్ల అంటుంది. నాకూ ఆ మాటే నోట్లో పడింది.

మా పుట్టిల్లు కోదాడ. నా చిన్నప్పుడు మా వీధి చివర కిరాణా కొట్టులో సరుకంతా శెట్టిగారి వెనకాల ఉండేది. మనం గడప ఇవతల నిలబడి చీటీ చదివితే ఆయన తూచి, కాగితంలో పొట్లం కట్టి, దారం చుట్టి ఇచ్చేవారు. చేతికి అందేదల్లా ముందు పెట్టిన పల్లీల బస్తా, బెల్లం దిమ్మె. పిల్లలం నాలుగు పల్లీలు తీసుకున్నా ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవారు. కొన్నదాని మీద పిడికెడు పుట్నాలు కొసరు కూడా వేసేవారు. కొసరు అన్న మాట ఇప్పటి పిల్లలకు చెప్పాలంటే 'ఆఫర్' అని చెప్పాల్సి వస్తోంది. కానీ ఆఫర్ కంపెనీది, కొసరు మనిషిది.

సరుకు కొనేవాళ్ల చేతికే అందేలా పెట్టి, బుట్ట ఇచ్చి 'మీరే తీసుకోండి' అనే పద్ధతి అమెరికాలో 1916లో మొదలైంది. మెంఫిస్ అనే ఊళ్లో పిగ్లీ విగ్లీ అన్న పేరుతో పెట్టిన కొట్టు అది. మన హైదరాబాదులో 1980లలో త్రినేత్ర సూపర్ మార్కెట్ వచ్చినప్పుడు ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లు వింతగా చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు చోట్లా ఏసీ షోరూములే, అద్దాల తలుపులే. సరుకు మన చేతికి వచ్చింది. దాంతోపాటే మన చేతుల మీద అనుమానమూ వచ్చింది.

ఈ బిళ్లల కథ కూడా ఒక కొట్టులోనే పుట్టింది. 1960లలో అమెరికాలో ఒహాయో రాష్ట్రం అక్రన్ పట్టణంలో రొనాల్డ్ అస్సాఫ్ అనే ఆయన ఒక సూపర్ మార్కెట్‌కు మేనేజరు. ఎవరో వైన్ సీసాలు పట్టుకుని పరుగెత్తితే వెంటపడ్డాడు, అందుకోలేకపోయాడు. ఆ ఉక్రోషంలోంచే దొంగతనాలు పట్టే యంత్రం ఆలోచన వచ్చి, సెన్సర్‌మాటిక్ అనే కంపెనీ పెట్టాడు. అదే కాలంలో న్యూయార్క్‌లో ఆర్థర్ మినాసీ అనే ఇంకొకాయన కూడా ఇలాంటి బిళ్లలే తయారుచేశాడు. అలా మొదలై మన మిర్యాలగూడ దాకా వచ్చాయి.

అది పనిచేసే తీరు తెలుసుకున్నాక నాకు చాలా కోపం తగ్గింది, కొంత కోపం చోటు మారింది. గుడిలో గంట కొట్టి చెయ్యి తీసేసినా కాసేపు మోగుతూనే ఉంటుంది కదా? ఒక రకం బిళ్లలో సన్నటి లోహపు రేకు ఉంటుంది. వాకిట్లో రెండు వైపులా నిలబెట్టిన స్తంభాలు సెకనుకు 58 వేల సార్లు కదిలే అయస్కాంత తరంగాన్ని ఒక్కసారి వదిలి, ఆపి, చెవొగ్గి వింటాయి. ఆ రేకు దగ్గర్లో ఉంటే, స్తంభం ఆగిపోయాక కూడా గంటలాగా అదే శ్రుతిలో మోగుతుంది. మన చెవికి వినబడదు, స్తంభానికి వినబడుతుంది. వెంటనే కూత పెడుతుంది. ఇంకో రకం స్టిక్కర్లలో ముగ్గులా చుట్టలు తిరిగిన సన్న తీగె ఉంటుంది. అది సెకనుకు 82 లక్షల సార్లు కదిలే రేడియో తరంగానికి స్పందిస్తుంది. బిల్లు కౌంటర్లో ఒక పలక మీద ఆ సరుకు ఆనిస్తే ఆ స్టిక్కరు పని అయిపోతుంది. చీరలకు గుచ్చే గట్టి బిళ్లను మాత్రం బలమైన అయస్కాంతం మీద పెట్టి ఊడదీయాలి. లోపల సూదిని పట్టుకున్న చిన్న గుండ్లు అయస్కాంతానికి లొంగి సూదిని వదిలేస్తాయి.

ఇంత తెలివైన యంత్రానికి తెలిసింది ఒక్కటే. తీయని బిళ్ల ఒకటి వాకిలి దాటుతోందని. డబ్బు కట్టారా లేదా, ఎవరు మరిచిపోయారు, ఎవరు దాచారు, అదంతా దానికి తెలియదు. అది 'బిళ్ల' అంటుంది. చుట్టూ ఉన్న జనానికి 'దొంగ' అని వినబడుతుంది.

పోయిన ఏడాది బతుకమ్మ ముందు కోదాడలో ఒక బట్టల షోరూముకు నేనూ మా అత్తమ్మా వెళ్లాం. ఆమెకు డెబ్బై రెండేళ్లు. తనకొక నేత చీర, మా ఆడబిడ్డకొక పట్టు చీర తీసుకుంది. పట్టు చీరకు తను పింఛను డబ్బులు దాచి తెచ్చుకుంది, నన్ను పైసా పెట్టనివ్వలేదు. బిల్లు కట్టి బయటికి వస్తున్నాం. గేటు కుయ్యిమంది.

సెక్యూరిటీ ఆయన దురుసుగా ఏమీ అనలేదు. "అమ్మా, జర పక్కకు రాండ్రి" అన్నాడు. అంతే. కానీ పండగ రద్దీ కదా, వెనక క్యూ ఆగిపోయింది. మెడలన్నీ ఇటు తిరిగాయి. ఆ మెడల్లో మా ఆడబిడ్డ అత్తగారి వైపు చుట్టమొకావిడ మెడ కూడా ఉంది. నేను బిల్లు కాగితం తీసి చూపేలోపే అత్తమ్మ తన నడుముకు దోపుకున్న చిన్న సంచి తీసి, అక్కడున్న బల్ల మీద బోర్లించింది. వక్కలు, బీపీ గోళీల అట్ట, ఆధార్ కార్డు, బస్సులో ఇచ్చిన జీరో టికెట్టు, నాలుగు మడతలు పెట్టిన రెండు వంద నోట్లు. "చూస్కో నాయనా" అంది. ఆయన కంగారు పడిపోయి "అయ్యో, అది కాదవ్వా" అన్నాడు.

కౌంటర్ అబ్బాయి పరుగెత్తుకొచ్చి పట్టు చీర విప్పితే, జాకెట్టు ముక్క మడతలో ఇంకో బిళ్ల. ఆ చీరకు రెండు గుచ్చారు, అతను ఒకటే తీశాడు. "సారీ ఆంటీ" అని ఊడదీసి, మళ్లీ పరుగెత్తాడు. కూత షాపంతా వినబడింది. సారీ మా ఇద్దరికే వినబడింది.

బస్సులో అత్తమ్మ ఏమీ మాట్లాడలేదు. మునగాల దాటాక మాత్రం, "మీ మామ చచ్చిపోయినప్పుడు కూడా ఎవ్వరి ముందు చెయ్యి చాపలే బిడ్డా" అంది. చెయ్యి చాపడానికీ దీనికీ సంబంధం ఏమిటని నాకు అప్పుడు తోచలేదు. తర్వాత అర్థమైంది. ఆమెకు పరువు అంటే చేతులే. ఆ చేతులనే ఇవాళ నలుగురూ చూశారు. తన నేత చీర ఇప్పటికీ బీరువాలో మడత విప్పకుండా ఉంది.

ఆ కోపంతో నేను మిర్యాలగూడలో మా చెల్లికి ఫోన్ చేసి గంటసేపు తిట్టాను, షాపులను, గేట్లను, బిళ్లలను. ఫోన్ అవతల చెల్లి పెద్దకూతురు కూడా వింటోంది. డిగ్రీ అయ్యాక ఆ పిల్ల అక్కడే ఒక రెడీమేడ్ షోరూములో సేల్స్‌లో చేరింది. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే పని, తొమ్మిదిన్నర వేల జీతం. నన్నంతా తిట్టనిచ్చి, చివర్లో అంది. "పెద్దమ్మా, ఆ గేటు కూయకపోతే నా జీతంలకెళ్లి పోతది."

నాకు నోట మాట రాలేదు. తర్వాత అడిగితే వివరంగా చెప్పింది. నెలాఖరున స్టాకు లెక్క చూస్తారు. ఏ సెక్షన్లో ఎన్ని తగ్గితే వాటి విలువ ఆ సెక్షన్ పిల్లల మీద పంచుతారు. ఒక నెల తన వాటా పద్నాలుగు వందలు. తక్కువ ధర లెగ్గింగులకు, చున్నీలకు బిళ్లలు గుచ్చరు, ఖర్చు దండగ అని. పోయేవి ఎక్కువగా అవే. ట్రయల్ రూములోకి నాలుగు తీసుకుపోయి మూడు తెచ్చేవాళ్లు, ముగ్గురు కలిసి వచ్చి ఒకరు మాటల్లో పెట్టేవాళ్లు. "మనం అనుమానించేటోళ్లు కాదు పెద్దమ్మా, మంచిగ తయారయి వచ్చినోళ్లే" అంది.

మరి తగ్గిన ప్రతి బట్టా దొంగతనమేనా? కాదట. బిల్లులో ఒక కోడ్ బదులు ఇంకో కోడ్ కొడతారు. మూటలోనే రెండు తక్కువ వస్తాయి. చిరిగినవి వాపసు పంపి రాయడం మరిచిపోతారు. ఇంట్లో బియ్యం డబ్బా తొందరగా అడుగంటితే ఎలుకలు తిన్నాయా, చుట్టాలు ఎక్కువ వచ్చారా, కొలత తప్పిందా అని చూస్తాం కదా. అక్కడ ఆ చూడటం లేదు. తగ్గిందంటే పిల్లల జీతమే.

ఆ పిల్ల ఇంకొకటి కూడా చెప్పింది. ఒకసారి ఇంటర్ చదివే అమ్మాయి రెండు వందల నలభై రూపాయల వస్తువుతో దొరికింది. మేనేజరు వాళ్లమ్మకు ఫోన్ చేసి, వచ్చేదాకా గేటు పక్కనే నిలబెట్టాడు. కొన్నవాళ్లలో ఇద్దరు సెల్‌ఫోన్లు పైకెత్తారు. మా పిల్ల చేతిలో ఉన్న బెడ్‌షీటు విప్పి, మడత పెడుతున్నట్టుగా ఆ అమ్మాయి ముందు అడ్డంగా పట్టుకుని నిలబడిందట, తల్లి వచ్చేదాకా. తల్లి డబ్బు కట్టి, ఎవరి మొహమూ చూడకుండా కూతుర్ని తీసుకుపోయింది. "నీ జీతం పోగొట్టేవాళ్లే కదే వాళ్లు?" అన్నాను. "జీతం ఒక నెల పోతది పెద్దమ్మా. ఫోటో గ్రూపులల్ల పడితే ఊరే పోతది" అంది.

మా కాలనీలో ఉండే లాయరుగారిని ఈ సంగతులు అడిగాను. ఆయన చెప్పినవి మీకూ పనికొస్తాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఐదు వేల రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి శిక్షపడిన వ్యక్తి ఆ వస్తువో విలువో తిరిగి ఇచ్చేస్తే జైలు బదులు సమాజ సేవే శిక్ష. చట్టమే అంత నెమ్మదిగా ఉంటే మనం ఫోన్లు ఎత్తడమెందుకు? ఇక సోదా సంగతి. పోలీసులైనా సరే, ఆడమనిషిని ఆడమనిషే, మర్యాద చెడకుండా సోదా చేయాలి. షాపువాళ్లు ఒంటి మీద చెయ్యి వేస్తే వద్దనొచ్చు, పోలీసులను పిలవమనొచ్చు.

జీతం కోత గురించి 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉండేది, కొత్త వేతనాల కోడ్‌లోనూ అదే మాట ఉంది. ప్రత్యేకంగా ఆ మనిషికి అప్పగించిన సరుకు, ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలితేనే కోయాలి. కోసే ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. వందలమంది తిరిగే షాపులో తగ్గినదాన్ని నలుగురు పిల్లల మీద సమానంగా పంచడం దీని కిందికి రాదు.

కాబట్టి నేను చెప్పేది ఇంతే. బిల్లు కట్టేటప్పుడు చీర విప్పించి, బిళ్లలు ఎన్ని గుచ్చారో అన్నీ తీశారో చూసుకోండి. బిల్లు సంచి అడుగున పడేయకుండా చేతిలో ఉంచుకోండి. గేటు కూస్తే తలవంచుకోకండి, అది లెక్క చూసుకోమని చెప్పడమే. పొరపాటు షాపుదైతే సారీ కూడా కూత వినబడినంత గట్టిగా చెప్పమనండి. పక్కవాళ్ల దగ్గర కూస్తే కళ్లు తిప్పుకుని నడవండి, అదే పెద్ద సాయం. సెక్యూరిటీ ఆయన మీద అరవకండి, ఆయనా పన్నెండు గంటలు నిలబడ్డ మనిషే.

మా పిల్లకు లాయరుగారి మాటలు కాగితం మీద రాసి పంపాను. తనూ, సెక్షన్లోని ఇంకో ముగ్గురూ కలిసి మేనేజరు దగ్గరికి వెళ్లి, కోత ఎందుకో రాసివ్వమని అడిగారు. ఆయన రాసివ్వలేదు, ఆ నెల కోయనూ లేదు. వారం తిరిగేసరికి మా పిల్లను మాత్రం కింద లేడీస్ సెక్షన్ నుంచి మూడో అంతస్తు గోదాముకు మార్చాడు. అక్కడ కొత్త బట్టలకు బిళ్లలు గుచ్చే పని. రోజుకు కొన్ని వందలు గుచ్చుతోందట, బొటనవేలు వాచిందని నిన్న ఫోన్లో చెప్పింది. మానేయమని చెల్లి అంటోంది. దసరా జీతం చేతికి వచ్చాక చూస్తానంటోంది పిల్ల. ఈసారి కోత ఉంటుందో లేదో మేనేజరు ఇంకా చెప్పలేదు. ఉంటే నలుగురూ కలిసి కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్తారట. తోడు నన్ను రమ్మంది. వెళ్తున్నాను.