చంద్రమండలంలో చెడుగుడు

పిల్లలూ! మన గోదావరి జిల్లాల వాళ్ళకు పెద్ద చదువు ఒకప్పుడు ఎంత దూరంగా ఉండేదో తెలుసా? రాజమహేంద్రవరంలో కళాశాల ఉండేది గాని, పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే విశ్వవిద్యాలయం చెన్నపట్నంలో ఉండేది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడలో పుట్టి, తరవాత వాల్తేరు చేరింది. 2006లో రాజమహేంద్రవరంలోనే ఆదికవి నన్నయ పేరిట ఒక విశ్వవిద్యాలయం వెలిసింది. ఇలా అంచెలంచెలుగా చదువు మన గడప దగ్గరికి వచ్చింది. మరి ఇక్కడి నుంచి అది ఎటు పోతుంది? పైకి పోతుందని నా నమ్మకం. వెన్నెల రాత్రి గోదావరి గట్టున కూర్చున్నప్పుడల్లా, ఆ చంద్రుడి మీద ఒక విశ్వవిద్యాలయం కట్టుకుంటూ ఉంటాను. ఈ నెల మిమ్మల్ని కూడా అక్కడికి తీసుకుపోతాను, రండి.

ఇది ఉత్త గాలిమేడ అనుకోకండి. 2000 నవంబరు నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఎవరో ఒకరు ఎప్పుడూ కాపురం ఉంటూనే ఉన్నారు. అంతరిక్ష విద్యకోసమే మన దేశంలో 2007లో తిరువనంతపురంలో ఒక విద్యాసంస్థ పెట్టారు. మన రాష్ట్రంలోని శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3, 2023 ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువం వైపున దిగింది. యంత్రం దిగినచోట ఎప్పుడో ఒకప్పుడు మనిషి దిగుతాడు. మనిషి కాపురం పెట్టినచోట బడి పెట్టక తప్పదు.

సరే, ఆ విశ్వవిద్యాలయంలో పొద్దున్నే మొదటి పాఠం ఏమిటో చెప్పుకోండి చూద్దాం! లెక్కలా? ఖగోళశాస్త్రమా? రెండూ కావు. ఆటలు!

నవ్వకండి, కారణం చెబుతాను. మన ఎముకలు గట్టిగా ఉన్నాయంటే, అవి రోజంతా మన బరువు మోస్తూ ఉండడమే అందుకు ఒక ముఖ్య కారణం. పని ఉన్న ఎముక గట్టిపడుతుంది, పని లేనిది గుల్లబారుతుంది. అంతరిక్ష కేంద్రంలో బరువు మోసే పని ఉండదు. అందుచేత, అక్కడ కసరత్తు చెయ్యని వాళ్ళకు కాళ్ళ ఎముకలు, తుంటి ఎముకలు నెలకు నూటికి ఒక వంతు, ఒకటిన్నర వంతు చొప్పున సత్తువ కోల్పోతాయి. కండరాలూ అంతే. అందుకే వ్యోమగాములు ఎంత పని ఉన్నా రోజుకు సుమారు రెండు గంటలు కసరత్తు చేస్తారు. 2007 ఏప్రిల్ 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో మారథాన్ పరుగు జరుగుతుంటే, సునీతా విలియమ్స్ అంతరిక్ష కేంద్రంలో ఉండి అదే పరుగు తీసింది. పైకి తేలిపోకుండా నడుముకూ భుజాలకూ పట్టీలు కట్టుకుని, కదిలే పట్టా మీద నాలుగు గంటల ఇరవై నాలుగు నిమిషాలు పరుగెత్తింది. ఆమె పరుగు ముగించే లోపల ఆ కేంద్రం భూమిని దాదాపు మూడుసార్లు చుట్టి వచ్చింది!

చంద్రుడి మీద కొంత బరువు ఉంటుంది. అయితే అది ఇక్కడి బరువులో ఆరో వంతు మాత్రమే. 30 కిలోలు తూగే కుర్రవాడు అక్కడ 5 కిలోలంత తేలికగా ఉంటాడు. కనక అక్కడి విద్యార్థులకు ఆట సరదా మాత్రమే కాదు, అన్నం వంటిది.

ఇక మన చెడుగుడు అక్కడ ఆడి చూద్దాం. బయట ఆడడానికి వీలులేదు. గాలి లేదు గనక ఊపిరి ఉండదు. ఒకవేళ దుస్తుల్లో గాలి నింపుకుని వెళ్ళినా, గాలి లేనిచోట శబ్దం ప్రయాణం చెయ్యదు. మీరెంత గట్టిగా కూత పెట్టినా ఎదుటి జట్టుకు వినిపించదు. కూత లేని చెడుగుడు ఏం చెడుగుడు? అందుకని గాలి నింపిన ఒక పెద్ద గోపురం కట్టి, అందులో బరి గీద్దాం.

మీరు కూత పెట్టి అవతలి బరిలోకి దూకారు. ఒకణ్ణి తాకి, గిరుక్కున వెనక్కు తిరగబోయారు. తిరగలేరు! మన కాలు నేలను పట్టుకునేది మన బరువు వల్ల. బరువు ఆరో వంతయితే ఆ పట్టు కూడా ఆరో వంతే. ఇక్కడ గజం దూరంలో ఆగగలిగిన వాడు, అదే వేగంతో వస్తే అక్కడ ఆరు గజాలు జారిపోతాడు. మన బరి మొత్తం పొడవే 13 మీటర్లు. ఆగేలోపల మీరు ఎదుటి జట్టు వెనక గీత దాటేసి ఔటైపోవచ్చు!

పోనీ, తేలికగా ఉన్నారు గనక, మిమ్మల్ని పట్టుకున్న వాళ్ళకు దెబ్బ తగలదు అనుకుంటున్నారా? అక్కడే ఉన్నది తమాషా. బరువు వేరు, ద్రవ్యరాశి వేరు. ఒకప్పుడు మన కాలవల్లో ధాన్యం పడవలు నడిచేవి. ఆ పడవ బరువంతా నీళ్ళు మోసేవి గనక, ఒక్క మనిషి గెడ వేసి దాన్ని కదిలించగలిగేవాడు. కాని ఆ పడవ మెల్లగా రేవుకు వస్తున్నప్పుడు, "మెట్టుకూ పడవకూ మధ్య కాలు పెట్టకురా!" అని పెద్దవాళ్ళు కేకలు వేసేవారు. ఎందుకు? నీరు మోసేది పడవ బరువును మాత్రమే. కదిలే పడవ తాకిడి ఎక్కడికీ పోదు. చంద్రుడి మీద మీ సంగతీ అంతే. ఎత్తి చూస్తే దూదిమూట, గుద్దుకుంటే ధాన్యం పడవ!

చెడుగుడు అయింది. ఇక బాడ్మింటన్. ఈ ఆటలో మన కోనసీమకు గొప్ప పేరున్నది. అమలాపురం వాడైన సాత్విక్ సాయిరాజ్ 2023లో కొట్టిన ఒక దెబ్బకు బంతి గంటకు 565 కిలోమీటర్ల వేగంతో పోయింది. అది ప్రపంచ రికార్డు. అంత వేగంతో బయలుదేరినా అది దూరం పోదు, ఈకల బంతిని గాలి వెంటనే అడ్డుకుంటుంది. మన గోపురంలో గాలి ఉన్నది గనక అక్కడా అలాగే అడ్డుకుంటుంది. అయితే కింద పడేటప్పుడు మాత్రం, ఇక్కడి వేగంలో సగం కన్న తక్కువ వేగంతో, తీరిగ్గా దిగుతుంది. అదే బయట, గాలి లేనిచోట, ఆ వేగంతోనే ఏటవాలుగా పైకి కొడితే? లెక్క కట్టి చూశాను: సుమారు 15 కిలోమీటర్లు పోతుంది! రాజమహేంద్రవరం దగ్గర హేవ్‌లాక్ రైలు వంతెనలు అయిదు వరసగా పేర్చినా చాలవు. బంతి తెచ్చుకోవడానికి బండి కట్టుకుని పోవాలి.

లెక్క ఇలా చెబుతుంది గాని, చంద్రుడి మీద నిజంగా బంతిని కొట్టిన మనిషి అనుభవం వేరుగా ఉన్నది. 1971 ఫిబ్రవరిలో అపోలో-14లో వెళ్ళిన అలాన్ షెపర్డ్, మట్టి తీసే పనిముట్టు పిడికి గోల్ఫు కర్ర తల బిగించి రెండు బంతులు కొట్టాడు. లావుపాటి దుస్తుల వల్ల ఒంటి చేత్తోనే కొట్టవలసి వచ్చింది. రెండో బంతి మైళ్ళకు మైళ్ళు పోయిందని వేళాకోళం ఆడాడు. యాభై ఏళ్ళ తరవాత ఛాయాచిత్రాలు పరీక్షించి చూస్తే, అది పోయినది సుమారు 40 గజాలేనని తేలింది! కాగితం మీది లెక్కకూ చేత్తో ఆడిన ఆటకూ మధ్య ఎంత దూరమో చూశారా?

ఇక చదువు మాట. అక్కడ వ్యవసాయ శాఖ తప్పకుండా ఉండాలి. తిండి లేనిదే చదువేమిటి? మన గోదావరి వేల ఏళ్ళుగా ఒండ్రుమట్టి తెచ్చి పరిచింది. చంద్రుడి మీద పారే నీరూ గాలీ లేవు గనక, అక్కడి ధూళి అరగక గాజుపెంకుల్లా వాడిగా ఉంటుంది. అపోలో యాత్రికులు తెచ్చిన ఆ మట్టిలో 2022లో అమెరికా శాస్త్రజ్ఞులు మొక్కలు మొలిపించారు. మొలిచాయి గాని గిడసబారాయి. అదే ఏడు చైనావారు తమ అంతరిక్ష కేంద్రంలో వరి విత్తి, 120 రోజుల్లో మళ్ళీ విత్తనం తీశారు. 2025లో మన శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో పెసలు, మెంతులు మొలకెత్తించాడు. మన మారుటేరులో 1925 నుంచి వరి పరిశోధన జరుగుతున్నది. దేశమంతా పండించే "స్వర్ణ" అక్కడ పుట్టినదే. చంద్రుడి మట్టికి తగిన వరిని కనిపెట్టే పని ఆ పొలాల మధ్య పెరిగిన పిల్లకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

అంగారక గ్రహం మీద కూడా ఒక కళాశాల పెడదాం. ఇక్కడి మాస్టారు అక్కడి పిల్లలకు పాఠం చెప్పవచ్చు. కాని ఆయన మాట అక్కడికి చేరడానికి, గ్రహాలున్న దూరాన్నిబట్టి, 3 నిమిషాల నుంచి 22 నిమిషాలు పడుతుంది. "మాస్టారూ, అర్థం కాలేదండీ" అని ఒక పిల్ల అడిగితే, జవాబు వచ్చేసరికి ఒక్కోసారి 44 నిమిషాలు! గంట కొట్టేస్తారు. కనక అక్కడి విద్యార్థి, జవాబు వచ్చేలోపల తానే వెతుక్కోవడం నేర్చుకోవాలి.

ఇప్పుడు అమ్మానాన్నలతో ఒక మాట. నేను పదో తరగతి చదివే రోజుల్లో మా ఆటల పీరియడు పేరుకే ఉండేది. పరీక్షలు దగ్గరపడుతున్నాయని, ఆ గంటలో కూడా లెక్కలే చెప్పేవారు. కిటికీలోంచి ఖాళీ మైదానాన్ని చూస్తూ కూర్చునేవాళ్ళం. ఈ రోజుల్లో అనేక బళ్ళలో మైదానమే లేదు. పిల్లవాడు పెద్ద చదువు చదవాలంటే ఆట మానాలని ఇంటా బయటా చెబుతున్నారు. కాని అన్నిటికన్న ఎత్తయిన ఆ చదువులో, ఆట మానినవాడు తిరిగి నేల మీద నిలబడలేడు! అమెరికాలో వ్యోమగాములకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఈత పరీక్ష కూడా పెడతారు. హ్యూస్టన్‌లో 12 మీటర్ల లోతున్న కొలనులో ముంచి, అంతరిక్షంలో చేసే పనులు నేర్పిస్తారు. ఇన్ని కాలవల మధ్య పుట్టిన మన పిల్లల్లో ఎందరికి ఈత వచ్చు? పెద్దవాళ్ళు దగ్గరుండి నేర్పించండి. పిల్లలూ, మీరు మాత్రం ఒంటరిగా నీళ్ళలో దిగకండి!

ఇక మీకొక పని అప్పజెబుతున్నాను. చంద్రుడి మీద చెడుగుడుకు నియమాలు రాయండి. బరి ఎంత పొడవుండాలి? జారకుండా కాళ్ళకు ఏం తొడగాలి? ఎగిరి పైకప్పు తాకినవాడు ఔటా, కాదా? కోతికొమ్మచ్చికి కూడా ఆలోచించండి. కొమ్మ మీంచి జారినవాడు అక్కడ ఎంత సేపటికి నేలకు దిగుతాడో! వీటికి జవాబులు రాయాలంటే లెక్కల పుస్తకం తెరవాలి. రాసినవి సరిగ్గా కుదిరాయో లేదో తెలియాలంటే నలుగురు స్నేహితులను పిలిచి, మైదానంలో గీత గీసి, కూత పెట్టాలి.